ఐస్లాండు రాతిపూవు – జగన్నాథపురమున కన్నుమూసిన వైద్యుడు

హైదర్‌గూడలో గాని, నారాయణగూడ చౌరస్తా దరిని గాని సుగంధద్రవ్యములమ్ము అంగడికి పోయి రాతిపూవు కావలెనని అడిగినచో, అంగడివాడు ఎండిన తోలుముక్కల వంటి పదార్థమును కొంచెము తూచి పొట్లము కట్టి ఇచ్చును. ఒక ప్రక్క బూడిదవన్నె, వేరొక ప్రక్క నలుపు. వ్రేళ్ల నడుమ పెట్టి నొక్కినచో గలగలలాడుచు నలుగును. ఉర్దూ మాటలాడు ఇండ్లలో దీనికి పత్థర్ కా ఫూల్ అని పేరు. నిహారీ వండునాడు గుడ్డమూటలో కట్టి గిన్నెలో వేయు దినుసులలో ఇది యొకటి. ఊరక వాసన చూచినచో మన్నువాసన తప్ప మరేమియు తోపదు. వేడి నూనెలో పడినపిదప గాని దాని గుణము బయటపడదు. పేరునకు పూవే గాని ఇది పూవు కాదు, ఆకు కాదు, వేరు కాదు. సంస్కృతమున దీనిని శైలేయమందురు. అమరకోశము అశ్మపుష్పమను పర్యాయపదమును కూడ ఇచ్చినది. శాస్త్రజ్ఞులు ఈ కులమునకంతటికి లైకెనులని పేరిడిరి.

మన అంగళ్లలోని రాతిపూవు నీలగిరులనుండి, పడమటి కనుమలనుండి, హిమాలయపు వాలులనుండి వచ్చును. దాని దాయాదులలో ఒకటి ఉత్తరధ్రువ మండలమున మంచునేలమీద పెరుగును. ఆ శీతలభూమిలో మొక్కలను, పాచులను ఏరి కాగితములలో మడిచిన వారిలో ఒక వైద్యుడు తరువాత మన తెలుగుదేశమునకు వచ్చి, కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. మన ఇంటింట పోపులో చిటపటలాడు కరివేపాకునకు శాస్త్రజ్ఞులిచ్చిన పేరులో అతని పేరు నేటికిని నిలిచియున్నది. ఇంతటి సంబంధముండియు తెలుగు పుస్తకములలో అతని ప్రసక్తి అరుదుగా కనబడును. కావున ఆ వృత్తాంతమును శ్రోతల యెదుట పెట్టదలచితిమి.

ముందుగా లైకెననగానేమో రెండు మాటలు చెప్పవలెను. చూచుటకది ఒకే ప్రాణివలె నుండును. నిజమున కదియొక ఉమ్మడి కాపురము. బూజు జాతికి చెందిన శిలీంధ్రము ఇల్లు కట్టును. ఆ యింటి లోపల దాగియున్న పచ్చని శైవలము ఎండవెలుగుతో వంట చేయును. ఒకటి లేక మరియొకదానికి ఆ బోడిబండమీద బ్రతుకు లేదు. స్విట్జర్లండు దేశస్థుడగు ష్వెండెనర్ ఈ సంగతిని 1867 మొదలు రెండు మూడేండ్లలో ప్రకటించినప్పుడు లైకెనుల పండితులు పలువురు నమ్మలేదు సరికదా, పరిహసించిరి. తాము ఆయుష్షు ధారపోసి పరిశీలించిన స్వతంత్రమైన మొక్క, శిలీంధ్రము చేతజిక్కిన శైవలమని వినుట వారికి రుచింపలేదు. అంతకు నూరేండ్ల ముందున్న స్వీడను పండితుడు లిన్నేయస్‌కు ఈ లోగుట్టు తెలిసియుండు మార్గమే లేదు. ఆయన 1753లో ప్రకటించిన మహాగ్రంథమున తానెరిగిన లైకెనులనన్నిటిని, ఎనుబది దాపున, ఒకే ప్రజాతి క్రింద కుప్పవేసెను. వానిని వృక్షలోకమందలి నిరుపేద కాపులుగా ఆయన ఎంచెనని చెప్పుదురు.

ఆ కుప్పలో హిందూదేశపు లైకెనొకటి కలదు. చెట్ల బెరళ్లమీద పీచువలె వ్రేలాడుచు, ఊదారంగు అద్దకమునకు పనికివచ్చు జాతి యది. మన దేశమునుండి శాస్త్రగ్రంథమున కెక్కిన మొదటి లైకెనుగా దానిని చెప్పుదురు. అదే కుప్పలో ఐస్లాండు పేరు పెట్టుకొన్నది మరియొకటి కలదు. ఇంగ్లీషువారు దానిని ఐస్లాండు పాచి యందురు గాని అది పాచి కాదు. లిన్నేయస్‌కడ సిద్ధాంతవ్యాసమును సమర్థించిన చివరి శిష్యుడు అకారియస్ 1803లో దానిని వేరు చేసి సెట్రేరియా అను ప్రజాతిలో చేర్చెను. తోలుడాలునకు లాటినులో గల పేరునుండి ఆ మాట పుట్టినది. ఆయన ఎండబెట్టి దాచిన లైకెనులలో పెద్దపాలు నేడు ఫిన్లండు రాజధాని హెల్సింకిలో నున్నది.

ఐస్లాండు రాతిపూవు మన రాతిపూవువలె బండకంటుకొని పరచుకొనదు. జానెడునకు లోబడిన యెత్తున, గోధుమవన్నె పట్టీలుగా నేలమీద నిటారుగా నిలుచును. పట్టీల అంచులు లోనికి చుట్టుకొని, వానిపై సన్నని ముండ్లవంటి రోమములుండును. ఐస్లాండు ప్రజలకది వట్టి గడ్డి కాదు. తమ భాషలో దానిని కొండగడ్డి యందురు. ధాన్యము పండని ఆ దేశమున వేసవిలో కొండలకు పోయి దానిని ఏరి, ఎండబెట్టి, దంచి పిండి చేసి, పాలలో గంజికాచుకొని త్రాగుదురు. దానిలోని చేదు పోవుటకు నానబెట్టి నీరు పారబోయుదురు. దగ్గునకు, రొమ్ముపడిశమునకు అది మందని ఐరోపా యంతట ప్రసిద్ధి; నేటికిని దానితో చేసిన గొంతుబిళ్లలు మందుల అంగళ్లలో దొరకును. మనకు శొంఠి యెట్టిదో వారికది యట్టిదనవచ్చును. అయితే శొంఠి కరవున కడుపు నింపదు, కొండగడ్డి నింపినది.

ఉత్తరధ్రువ మండలమున లైకెనులు తిని ప్రాణములు నిలుపుకొనుట కట్టుకథ కాదు. 1819 మొదలు 1822 వరకు కెనడా ఉత్తరతీరమును కొలువబోయిన ఫ్రాంక్లిన్ బృందమువారు తిరుగుదారిలో ఆహారము నిండుకొనగా, బండలమీది నల్లని లైకెనులను గీకి ఉడికించి తినిరి. చెప్పుల తోలు కూడ తినిరి. ఇరువదిమందిలో పదునొకండుగురు మరణించిరి. బ్రతికి వచ్చినవారిలో వైద్యుడు, ప్రకృతిశాస్త్రజ్ఞుడునగు రిచర్డుసన్ ఒకడు. ప్రాణముమీదికి వచ్చినను ఆ వైద్యుడు శాస్త్రదృష్టిని విడువలేదు. తాము తిన్న లైకెనులెట్టివో తన వ్రాతలలో వివరించెను.

ఇక మన వైద్యుని కథ. యోహాన్ గెర్హార్డు కోనిగ్ 1728లో లివోనియా ప్రాంతమున, అనగా నేటి లాట్వియా దేశమున, జన్మించెను. స్వీడనునకు పోయి లిన్నేయస్‌కడ చదివెను. పిదప డెన్మార్కు చేరెను. ఆ కాలమున డెన్మార్కు రాజు తన యేలుబడిలోని భూములన్నిటియందును మొలచు మొక్కలను చిత్రింపించి అచ్చువేయించు సంకల్పము చేసియుండెను. 1761లో ఆరంభమైన ఆ చిత్రసంపుటమునకు ఫ్లోరా డానికా యని పేరు. అది ముగియుటకు 1883 వరకు పట్టెను. అందలి చిత్రఫలకములు 3,240. అందలి బొమ్మలనే పింగాణి పళ్లెములమీద వ్రాయించి యొక రాజభోజనపాత్రల వరుసను చేయించుట కూడ జరిగినది. పళ్లెములమీద మొక్కల బొమ్మలకు ఖజానాలో ధనముండెను గాని, ఆ మొక్కలనేరినవారి జీతములు మాత్రము చాలీచాలనివి. ఇది అన్ని కాలములందును ఉన్న సంగతియే.

ఐస్లాండు నాడు డెన్మార్కు యేలుబడిలోనిది. ఆ దీవి మొక్కలనేరుటకు కోనిగ్ 1764లో అచ్చటికి పోయి మరుసటి యేటివరకు ఉండెను. ఆర్కిటిక్ వృత్తము ఐస్లాండునకు ఉత్తరమున నున్న గ్రిమ్సే యను చిన్నదీవిని తాకుచు పోవును. దేశమందు జనసంఖ్య ఏబదివేలకు అటునిటు. చెట్లు అరుదు. ఏ దిక్కు చూచినను లావాబండలు, వానిమీద పాచి, లైకెను. పూలు పూయు మొక్కలు తక్కువగా నున్న అట్టిచోట సేకరించువాడు నేలకు వంగి చూడవలెను. కోనిగ్ అట్లు వంగి చూచినవాడే. వ్రేలెడు పొడవైన లేని, ఎఱ్ఱని కాడల చిన్నమొక్క నొకదానిని అతడు కనుగొనెను. ధ్రువమండలమున మొలచు మొక్కలలో అనేకము పలు సంవత్సరములు బ్రతుకునవి. ఒక్క వేసవిలో మొలచి, పూచి, గింజవేసి చచ్చునవి మిక్కిలి అరుదు. ఈ మొక్క అట్టి అరుదైనది. లిన్నేయస్ 1767లో దానికి కోనిగియా ఇస్లాండికా యని శిష్యుని పేరే పెట్టెను. గురువు పెట్టిన పేరు శిష్యునికి బిరుదము వంటిది. ఆ కాలమున దానిని మించిన సత్కారము వృక్షశాస్త్రమున లేదు.

1772లో ఐస్లాండు యాత్రలను గూర్చి డేనిష్ భాషలో గొప్ప గ్రంథమొకటి అచ్చయ్యెను. దానికి అనుబంధముగా జోయెగా అను పండితుడు కూర్చిన మొక్కల పట్టిక కలదు. కోనిగ్ తెచ్చిన సేకరణ దానికి ముఖ్యమైన ఆధారము. ఆ పట్టిక అచ్చగునాటికి కోనిగ్ ఐరోపాలో లేడు.

ఇచ్చట హెర్బేరియమను దానిని గూర్చి చెప్పుట అవసరము. మొక్కను కాగితముల నడుమ అదిమి, ఎండబెట్టి, దళసరి కాగితమున కంటించి, ప్రక్కన చీటీ వ్రాసి, వర్గమునుబట్టి బీరువాలలో దాచు ఎండుమొక్కల కొలువునకు ఆ పేరు. లైకెనులను అదుమనక్కరలేదు. వానిని మన కిరాణా పొట్లమువలె మడిచిన కాగితపు సంచిలో వేసినచో చాలును. పురుగు తినకుండ, తడి తగులకుండ కాపాడినచో రెండువందల యేండ్లకు పైగా నిలుచును. పొట్లములోని ముక్క సాక్షి. పైనున్న చీటీ వాఙ్మూలము. ఎచ్చట దొరకెను, ఎప్పుడు, ఏ బండమీద, ఎవరికి అను నాలుగు సంగతులు చీటీలో లేనిచో ఎండినముక్క వట్టి చెత్తయే. లిన్నేయస్ కాలపు చీటీలలో పెద్దలోపమిది. ఆనాటివారికి ఆ జాతి యేదో తెలిసికొనుటయే ముఖ్యము. తేదీ, ఊరు వారికి పట్టలేదు. పెక్కు కాగితములమీద ఒక పేరు, మహా అయినచో దేశము పేరు తప్ప మరేమియు నుండదు. చేవ్రాతను పోల్చి, కాగితము జాడను పోల్చి, ఇది కోనిగ్ పంపినది యని తరువాతివారు నిర్ణయింపవలసివచ్చినది. లిన్నేయస్ మరణానంతరము ఆయన సేకరణ యావత్తును స్మిత్ అను ఆంగ్లేయ యువకుడు 1784లో కొని లండనునకు తరలించెను. నేటికది అచ్చటి లిన్నేయన్ సొసైటీ భూగర్భగృహమున భద్రముగా నున్నది. కోనిగ్ పంపిన మొక్కలు లండను, కోపెన్‌హేగన్, లుండ్ నగరముల కొలువులలో చెదరి యున్నవి.

మంచుదేశమున నొక యేడు గడపినవాడు కావేరీ ముఖమున దేలుట విధివిలాసము. డేనులకు తరంగంబాడిలో కోట యుండెను. ఆ యూరనే క్రైస్తవ మిషను కూడ ఉండెను. కోనిగ్ ఆ మిషనునకు వైద్యుడుగా 1768లో వచ్చి చేరెను. రోగులకు మందిచ్చుట ఒక పని. తీరమున, కొండలలో తిరిగి మొక్కలనేరుట అసలు పని. మిషనరీలలో మొక్కలయందాసక్తి గల వారిని కూడగట్టి యొక మిత్రమండలి నేర్పరచెను. వారు తాము కనుగొన్న మొక్కకు పేరిడునప్పుడు అందరి పేరిట మాది యని వ్రాయువారు. ఒకరి కీర్తికై ఒకరు తగవులాడు ఈ శాస్త్రమున అట్టి యేర్పాటు మాకు మిక్కిలి ముచ్చటగా తోచుచున్నది.

ఆ దినములలోనే అతడు గురువునకు పంపిన మొక్కలలో మన కరివేపాకు కలదు. 1771లో లిన్నేయస్ దానికి బెర్గెరా కోనిగీ యని పేరిడెను. 1825లో ష్ప్రెంగెల్ అను జర్మను దానిని ముర్రయా ప్రజాతిలోనికి మార్చెను. చాలకాలము మన పాఠ్యపుస్తకములలో ముర్రయా కోనిగీ యనియే చదివితిమి. ఇటీవలి జన్యుపరిశోధనలనుబట్టి పలువురు శాస్త్రజ్ఞులు మరల బెర్గెరా అనియే వ్రాయుచున్నారు. ఎవరేమి మార్చినను కోనిగీ యను భాగమును కదల్చినవారు లేరు. ఉత్తరధ్రువము దరిని కోనిగియా, దక్షిణాపథమున కోనిగీ: ఒకే మనుజుని పేరు మంచున నొక మొక్కకు, మండుటెండలో నొక చెట్టునకు నిలుచుట వృక్షశాస్త్రమున తరచుగా జరుగు సంగతి కాదు.

మిషను ఇచ్చు జీతము అతని తిరుగుళ్లకు చాలలేదు. 1774లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కొలువున చేరెను. 1778లో చెన్నపట్టణపు కంపెనీవారు అతనిని ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమించిరి. ఆ ఉద్యోగమున అతడు సయాము, మలక్కా ప్రాంతములు తిరిగి వచ్చెను. కంపెనీవారికి మొక్కలపై ప్రేమ యుండి కాదు. మిరియము, నీలి, అద్దకపు వేళ్లు, కలప, మందుబెరళ్లు ఎచ్చట దొరకునో తెలిసినచో లాభము. కోనిగ్‌కు మొక్క ముఖ్యము. యజమానులకు లెక్క ముఖ్యము. ఈ రెంటికి నడుమ నలిగినవాడతడు.

1784, 1785 సంవత్సరములలో అతడు ఉత్తర సర్కారులకు వచ్చెను. విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడుండెను. తరువాత మన దేశపు పాములను గూర్చి గ్రంథము వ్రాసినవాడితడే. సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా విలియం రాక్స్‌బరో యుండెను. 1781 నుండి అచ్చట తోటవేసి మిరియము, చెరకు, అద్దకపు మొక్కలు పెంచుచు, దినదినము వాయుభారము, ఉష్ణము, వర్షము లెక్కలు వ్రాయుచుండెను. కోనిగ్‌కు వీరిరువురితోడను స్నేహము. ఆ తిరుగుళ్లలో అతనికి రక్తగ్రహణి పట్టుకొన్నది. జగన్నాథపురము నాడు ఒలందావారు వర్తకము నడిపిన రేవు. నేడు కాకినాడ నగరమున వంతెన కావలి భాగము. అచ్చట పడకపట్టిన కోనిగ్‌కు రాక్స్‌బరో వైద్యము చేసెను. వైద్యము ఫలింపలేదు. 1785వ సంవత్సరము జూన్ 26వ తేదీన కోనిగ్ మరణించెను. అప్పటికతనికి ఏబదియారేండ్లు. తన వ్రాతప్రతులను లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందునట్లు వ్రాసియుంచెను.

కోనిగ్ తరువాత ఆ యుద్యోగము రస్సెల్‌కు, అతని వెనుక రాక్స్‌బరోకు వచ్చెను. కోరమండల తీరపు మొక్కలను వర్ణచిత్రములతో అచ్చువేయవలెనను తలపు రస్సెల్‌ది, పని రాక్స్‌బరోది. 1795లో మొదలై 1819 వరకు వెలువడిన ఆ సంపుటములలో చిత్రములు 300. వానిని వ్రాసినవారు దేశీయ చిత్రకారులు. అనేక మొక్కలకు రాక్స్‌బరో తెలుగు పేరు కూడ అడిగి వ్రాసికొనెను. సోమిద చెట్టు బెరడు జ్వరమునకు మంచిదని విని పరీక్షించిన వాడితడే; ఆ తెలుగుపేరే శాస్త్రనామమై సొయ్‌మిడా యని ప్రపంచమంతటను చెల్లుచున్నది. ఆ పేర్లు చెప్పిన పసులకాపరులు, బెరడు తెచ్చినవారు, బొమ్మలు వ్రాసినవారు ఎవరో చీటీలలో లేదు. ఐస్లాండులో కోనిగ్‌కు కొండగడ్డి చూపిన రైతుల పేర్లును అట్లే లేవు. ఎండుమొక్కల కొలువులలో మాకు కనబడు పెద్ద అన్యాయమిది: ఏరినవాని పేరుండును, ఎరిగినవాని పేరుండదు.

1783లో, అనగా కోనిగ్ మరణమునకు రెండేండ్లు ముందు, ఐస్లాండున లాకీ అగ్నిపర్వతపు నెఱ్ఱె బ్రద్దలై ఎనిమిది నెలలు పొగలు గ్రక్కెను. విషధూళి పచ్చికపై పడి పసులు చచ్చెను. పిదప వచ్చిన కరవున దేశమందు ఐదింట నొకవంతు ప్రజలు నశించిరి. 1787 మే నెలలో మన కోరంగి తీరమున ఉప్పెన విరుచుకొనిపడెను. వేలకొలది ప్రజలు కొట్టుకొనిపోయిరి. ఆ యుప్పెనలో రాక్స్‌బరో తన పుస్తకములను, అంతవరకు కూడబెట్టిన ఎండుమొక్కలను పోగొట్టుకొనెను. కోనిగ్ కాగితములు సముద్రము దాటిపోయినందున మిగిలినవి. రాక్స్‌బరోవి ఇచ్చటనే యున్నందున మునిగినవి. మన మొక్కలు పరదేశమున నున్నవని బాధపడుట న్యాయమే. అయినను ఈ యొక్క విషయమున ఆ బాధకు వేరొక ప్రక్క కూడ కలదని ఒప్పుకొనవలెను.

దాచియుంచిన కాగితమెంతటి పని చేయునో చెప్పుటకు కోనిగియా మొక్కయే నిదర్శనము. 1934లో స్కాట్లండు పడమట నున్న స్కై దీవిలో ఒకరు చిన్నమొక్క నొకదానిని ఏరిరి. వేరొక మొక్కయని పొరబడి చీటీవ్రాసి, లండను దరిని గల క్యూ తోటల హెర్బేరియమున నుంచిరి. పదునారేండ్లు అది బీరువాలో నుండెను. 1950లో బర్ట్ అను శాస్త్రజ్ఞుడు ఆ కాగితము చూచి, ఇది ఐస్లాండులో కోనిగ్ కనుగొన్న మొక్క గదా యని గుర్తించెను. బ్రిటను ద్వీపములలో ఆ జాతి కలదని లోకమునకు తెలిసినది కొండమీద కాదు, కొలువులోని కాగితముమీద. చీటీపై ఊరు వ్రాసియున్నందున మరల పోయి వెదకుట సాధ్యమయ్యెను. ఆ మొక్క మన హిమాలయములందును కలదు. దక్షిణమున దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యుయెగోలో కూడ కలదు.

లైకెను పొట్లములు ఇంకను వింతైన సాక్ష్యము చెప్పును. లైకెనునకు వేళ్లు లేవు. గాలిలో, వానలో వచ్చినదే దాని భోజనము. గాలి చెడినచో ముందుగా అదియే చచ్చును. పారిస్ నగరపు లక్సెంబర్గు తోటలోని లైకెనులను చూచి నైలాండర్ అను పండితుడు 1866లోనే ఈ సంగతి ప్రకటించెను. గంధకపు పొగ పెరిగినకొలది నగరములలో లైకెను తరిగిపోవును. పాతపొట్లమునుండి చిటికెడు తీసి పరీక్షించినచో, నూరేండ్లనాటి గాలిలో సీసమెంత యుండెనో తెలిసికొనవచ్చును. మరియు కొన్ని జాతులు బండమీద ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడ పెరుగవు. వాని వెడల్పునుబట్టి హిమానీనదము ఆ బండను విడిచి యెన్నేండ్లయినదో లెక్కకట్టు పద్ధతిని బెషెల్ 1950లో ప్రవేశపెట్టెను. లిపి లేని బండకు లైకెను శాసనమైనది.

నేడు ఉత్తరధ్రువ మండలము మిగిలిన భూమికంటె త్వరగా వేడెక్కుచున్నది. 1979 తరువాతి లెక్కలను పరిశీలించి, ఆ వేగము భూగోళపు సగటునకు దాదాపు నాలుగు రెట్లని శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిరి. వేడిమి పెరిగిన చోట్ల పొదలు బలిసి నీడపట్టుచున్నవి. నీడలో నేలమీది లైకెనులు నిలువజాలక తరుగుచున్నవి. శీతకాలమున మంచును కాలిగిట్టలతో త్రవ్వి లైకెను మేయు రెయిండీరు దుప్పులకు, వానిని నమ్ముకొన్న సామీ జనులకు ఇది అన్నపు ప్రశ్న. ఒకచోట లైకెను తరిగినదని రుజువు చేయవలెనన్నచో, మునుపచ్చట ఉండెనని చూపవలెను. ఆ చూపుట పాతపొట్లముల వలననే సాధ్యము. అందుచేత కొలువులవారు చీటీలనన్నిటిని ఇప్పుడు యంత్రములకెక్కించి అందరికిని అందునట్లు చేయుచున్నారు. ఈ లెక్కలనొకచోట చేర్చు అంతర్జాతీయ సంస్థ 2001లో కోపెన్‌హేగనున వెలసినది. కోనిగ్ ఐస్లాండునకు బయలుదేరిన నాటి రాజధాని యదియే.

మన దేశమువారును ఆ మంచుసీమకు పోవుచున్నారు. 2008 జూలైలో స్వాల్బార్డు దీవులందు నీ-ఓలెసున్ అనుచోట భారతదేశపు పరిశోధనాస్థానము హిమాద్రి ఆరంభమయ్యెను. భారతీయ శాస్త్రజ్ఞులు అచ్చటి లైకెనులను కూడ ఏరి పరిశీలించియున్నారు. స్వదేశమున ఈ శాస్త్రమునకు పునాదివేసినవాడు లక్నోకు చెందిన ధరణీధర్ అవస్థి. ఆయన 2011లో పరమపదించెను. అవస్థి కూర్చిన సేకరణ లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనాసంస్థ కొలువున చేరినది. మన దేశమున నేటివరకు గుర్తింపబడిన లైకెనులు రెండువేల ఐదువందలకు పైబడినవి.

తెలుగునేలపై ఈ పని ఆలస్యముగా మొదలైనది. తూర్పుకనుమలలో, రాయలసీమ కొండలలో లైకెనులనేరి వానిని నమోదు చేయుటలో కడప యోగివేమన విశ్వవిద్యాలయమువారు ఇటీవల శ్రద్ధ చూపిరి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు హెర్బేరియము కలదు. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణవారి దక్కను కేంద్రము కూడ ఈ నగరమున 2005లో ఏర్పడినది. మన నగరము కూర్చున్న నల్లరాతిబండలకు వయస్సు దాదాపు రెండువందల ఏబది కోట్ల యేండ్లు. ఆ బండల నీడప్రక్కను బూడిదవన్నె, పసుపువన్నె మచ్చలు కనబడుట చాలమంది చూచియే యుందురు. వర్షము వెలిసిన మరునాడు ఆ మచ్చలు పచ్చబడును. సున్నపుమరకయని కొందరు గీకివేయుదురు. బండలనే పగులగొట్టి మేడలు కట్టునప్పుడు గీకువారిని నిందించి లాభము లేదు. హైదర్‌గూడ వీథులలో మిగిలిన ముదిచెట్ల బెరళ్లమీద సయితము ఇట్టి మచ్చలు వెదకినచో దొరకవచ్చును. మోటారు పొగ మధ్య బ్రతికిన లైకెను యేదో అది మొండిజాతియై యుండవలెను.

ఇట్టి మచ్చనొకదానిని కొలువునకు పంపుట కష్టమైన పని కాదు. ఉలితో పలుచగా లేపిన చెక్కనో, బెరడుముక్కనో తెల్లకాగితమున మడిచి, నీడలో ఆరనిచ్చి, చీటీ వ్రాసినచో చాలును. ఊరు, వీథి, రాయియా బెరడా, తేదీ, ఏరినవారి పేరు అందుండవలెను. ఇవి కాక కోనిగ్ నాటి చీటీలలో కానరాని గడి యొకటి నేటి చీటీలలో కలదు. అచ్చటి జనులు దానిని ఏమని పిలుతురో వ్రాయుటకు విడిచిన గడి యది. రాతిపూవని అందు తెలుగులిపిలోనే వ్రాయవచ్చును.